పష్మీనా మేకలు మన దగ్గర పెంచొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, పష్మీనా శాలువాల ధర చూసి అడుగుతున్నాను. చాంగ్‌తాంగీ, చెగు మేకల్లో ఏది మేలు? ఆదిలాబాద్ చలికి తట్టుకుంటాయా? – ఒక రైతు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: చలికి బ్రహ్మాండంగా తట్టుకుంటాయి. చిక్కల్లా మన ఎండలతోనే. దయచేసి ఆ డబ్బు ఇందులో పెట్టకండి.

లద్దాఖ్‌లో చాంగ్‌పా పశుపోషకులు చాంగ్‌తాంగీని 4,000 మీటర్లకు పైన, సున్నాకు 30 డిగ్రీల దిగువకు పోయే చలిలో పెంచుతారు. పైన ముతక వెంట్రుకలు, వాటి అడుగున 12-14 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉండే మెత్తటి నూగు. పష్మీనా అంటే ఆ నూగే. చలికాలం పోయాక అది దానంతటదే వదులవుతుంది. అప్పుడు మేకను పడుకోబెట్టి, కాళ్లు కట్టి, ఇనుప దువ్వెనతో ఓపిగ్గా దువ్వి తీస్తారు. ఏడాదికి ఒక్కో మేకకు వచ్చేది దాదాపు పావు కిలో. ముతక వెంట్రుకలు ఏరేశాక ఇంకా తగ్గిపోతుంది.

చెగు హిమాచల్‌లోని లాహౌల్-స్పితి, కిన్నౌర్ వైపుది. నూగు సన్ననిదే, రంగూ ఎక్కువగా తెలుపే, దిగుబడి మాత్రం తక్కువ. నూగు కోసమైతే నా ఓటు చాంగ్‌తాంగీకే, అదీ లద్దాఖ్‌లో ఉన్నవాళ్లకు.

మీకు మాంసం కోసం ఉస్మానాబాదీ జాతి మేకలు నయం. రెండు పిల్లల ఈతలు ఎక్కువున్న మందలోంచి ఎంచుకోండి.