స్కూటీ మీద తిరిగినందుకే గర్భం పోయిందా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. నాకు 26 ఏళ్లు. పోయిన ఏడాది ఏడో వారంలో అబార్షన్ అయింది. స్కూటీ మీద తిరగడం వల్లే పోయిందని ఇంట్లో అందరూ అంటున్నారు. ఎనిమిది నెలలుగా మళ్లీ ప్రయత్నిస్తున్నాం, నిలవడం లేదు. నెలసరి 30 రోజులకు సరిగానే వస్తుంది. హిమోగ్లోబిన్ 9.4, థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ 5.8 ఉన్నాయి. మా ఆయన రొయ్యల గుంటల దగ్గర రాత్రిళ్లు కాపలా ఉంటారు, ఖైనీ అలవాటుంది. సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్లాలా? ఈసారి నిలిస్తే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: అమ్మా, ముందుగా ఒక్క మాట. మీ గర్భం స్కూటీ వల్ల పోలేదు. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగానికి పైగా పిండంలో క్రోమోజోముల లోపం వల్లే పోతాయి. మీరు మంచం దిగకుండా పడుకున్నా అది ఆగేది కాదు. ఈ మాట మీ అత్తగారికీ చదివి వినిపించండి. ఒక్కసారి అబార్షన్ అయినంత మాత్రాన పెద్ద పరీక్షలేవీ అక్కర్లేదు. రెండోసారి కూడా అయితే అప్పుడు చూడాలి.

మీ వయసులో ఏడాదిపాటు ప్రయత్నించి చూడవచ్చు. కాబట్టి సాఫల్య కేంద్రానికి ఇప్పుడే పరుగెత్తొద్దు. కానీ మీ ఉత్తరంలో మీ రిపోర్టులే ఉన్నాయి, మీ ఆయనవి ఒక్కటీ లేవు. పిల్లలు ఆలస్యమైన జంటల్లో ఇంచుమించు సగం మందిలో మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. వీర్య పరీక్ష చవకైనది, సూది గుచ్చే పని కూడా లేదు. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి శాంపిల్ ఇస్తే చాలు. ఆడపిల్లను ఆస్పత్రుల చుట్టూ తిప్పి, మగవాడి పరీక్ష చివరికి వాయిదా వేయడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఖైనీ ఈరోజే మానేయమనండి. వీర్యకణాలు తయారవడానికి రెండున్నర, మూడు నెలలు పడుతుంది కాబట్టి ఫలితం కూడా అప్పటికే కనిపిస్తుంది.

ఇంకో సంగతి. మీకు 30 రోజుల నెలసరి కాబట్టి అండం దాదాపు 16వ రోజున విడుదలవుతుంది. నెలసరి మొదలైన రోజును ఒకటిగా లెక్కేస్తే 11 నుంచి 16 వరకు ముఖ్యమైన రోజులు. సరిగ్గా ఆ రాత్రుల్లోనే ఆయన గుంటల దగ్గర ఏరియేటర్లు చూసుకుంటూ ఉంటే ఎనిమిది నెలలు గడిచినా గడిచినట్టు కాదు. ఆ వారం కాపలాకు ఇంకొకరిని పెట్టుకోండి. రోజు విడిచి రోజు కలిస్తే చాలు.

ఇక మీ రక్తం. 9.4తో గర్భం మొదలుపెట్టడం మంచిది కాదు, గర్భిణికి కనీసం 11 ఉండాలి. ఐరన్ మాత్రలు మీ డాక్టర్ రాసినట్టు వాడండి. విరేచనం నల్లగా వస్తే భయపడి ఆపేయొద్దు, అది మామూలే. మాత్రకు ముందూ వెనకా గంటసేపు టీ, కాఫీ వద్దు. తోటకూర, మునగాకు, మాంసం తినేటప్పుడు నిమ్మకాయ పిండుకోండి. టీఎస్‌హెచ్ మరోసారి చేయించి, ఎక్కువే ఉంటే మాత్ర మొదలుపెట్టాలి. గర్భం కోరుకునేవారికి 2.5 లోపు ఉండేలా చూస్తాం. థైరాయిడ్ మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలకూ దానికీ నాలుగు గంటల తేడా ఉండాలి. అన్నీ ఒకేసారి మింగేస్తే థైరాయిడ్ మందు ఒంటికి పట్టదు.

ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు ఈరోజే మొదలుపెట్టండి. బిడ్డ వెన్నుపాము గర్భం వచ్చిన నాలుగు వారాల్లోపే రూపు కట్టేస్తుంది. నెల తప్పిందని మీకు తెలిసేసరికే ఆ పని సగం అయిపోయి ఉంటుంది.

నిలిచాక టెస్ట్ పాజిటివ్ వచ్చిన వారంలోనే డాక్టర్‌ను కలవండి, థైరాయిడ్ డోసు పెంచాల్సి రావచ్చు. షుగర్ పరీక్ష మొదటిసారి వెళ్లినప్పుడు ఒకసారి, 24–28 వారాల మధ్య మరోసారి చేయించండి. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు, వదులుకోవద్దు. రక్తం కనిపించినా, తలనొప్పితో చూపు మసకబారినా, బిడ్డ కదలికలు తగ్గినా తెల్లవారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి.

కాన్పయ్యాక మన తీర గ్రామాల్లో బాలింతకు పాలు పడతాయని సొరపుట్టు (సొరచేప పొరటు) పెడతారు. నా మాట విని అది వద్దనండి. సొర లాంటి పెద్ద వేటచేపల్లో పాదరసం పేరుకుంటుంది, అది గర్భంలోనూ పాల ద్వారానూ బిడ్డకు చేరుతుంది. కవళ్లు, కానాగంతలు, రొయ్యలు బాగా ఉడికించి పెట్టమనండి. పథ్యం పేరుతో మంచినీళ్లు కొలిచి ఇవ్వడం కూడా మంచిది కాదు. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ, దాహమైనంతా తాగాలి. ఐరన్ కాన్పు తర్వాత ఇంకో ఆరు నెలలు వాడాలి, థైరాయిడ్ ఆరో వారంలో చూపించుకోవాలి. ఊరికే ఏడుపొస్తూ, నిద్రపట్టక రెండు వారాలు దాటితే అది బాలింత నీరసం అనుకోవద్దు. మానసిక సమస్యలకు సాయం చేసే టెలీ మానస్‌కు 14416లో ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

మీ ఆయన వీర్య పరీక్ష, మీ టీఎస్‌హెచ్ రిపోర్టు రెండూ రాగానే మీ దగ్గర్లోని గైనకాలజిస్టుకు చూపించండి. ఇద్దరూ కలిసి వెళ్లండి.