పొట్ట మీద పెట్టిన ఫోన్ కదులుతోంది.. గుండె జబ్బా?

ప్రశ్న: నా వయసు 24. గాజువాకలో ఉంటాను, పరవాడ ఫార్మాసిటీలో షిఫ్టు డ్యూటీలు. ఎత్తు 173 సెం.మీ., బరువు 52 కిలోలు. చిన్నప్పట్నుంచీ సన్నమే. నెల రోజులుగా వెల్లకిలా పడుకుంటే బొడ్డుకు పైన పొట్ట కొట్టుకోవడం కంటికి కనిపిస్తోంది. ఫోన్ పెడితే అదీ ఎగిరెగిరి పడుతోంది. నొప్పి లేదు. నూనె రాసి తోమిస్తే పోతుందని అమ్మ అంటోంది. 70 ఏళ్ల మా తాతయ్యేమో చుట్ట కాలుస్తూ, 'నాకూ కొట్టుకుంటాదిరా, నానేటైపోనాను?' అని కొట్టిపారేస్తున్నాడు. నాకు భయంగా ఉంది.

జవాబు: అక్కడ కొట్టుకునేది గుండె కాదు, గుండె నుంచి రక్తాన్ని కిందికి తెచ్చే పెద్ద రక్తనాళం. బృహద్ధమని అంటాం, స్కాన్ రిపోర్టుల్లో అయోర్టా అని ఉంటుంది. వెన్నెముకను ఆనుకుని దిగి, ఇంచుమించు బొడ్డు దగ్గర రెండుగా చీలి కాళ్ల వైపు వెళ్తుంది. మీకు బొడ్డుకు పైనే కనిపించడానికి కారణం అదే. సన్నటివాళ్లు వెల్లకిలా పడుకుంటే పొట్ట లోపలికి దిగి, నాళానికీ చర్మానికీ మధ్య దూరం తగ్గిపోతుంది. భోజనం చేశాక, మెట్లెక్కి వచ్చాక, నైట్ డ్యూటీలో నాలుగు టీలు పడ్డాక ఇంకా బాగా తెలుస్తుంది. కాలు మీద కాలేసుకుని కూర్చుని పైకాలి పాదాన్ని గమనించండి, అదీ నాడితో పాటే సన్నగా ఊగుతుంది. దాని గురించి ఇంతవరకూ ఎవరూ నాకు ఉత్తరం రాయలేదు!

తోమించడం మాత్రం వద్దు. నూనెతో నాళం ఎటూ జరగదు.

మీ విషయంలో నేను చూసేది బరువు. ఆ ఎత్తుకు కనీసం 55, 56 కిలోలైనా ఉండాలి. ఒకసారి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. రక్తహీనతలో, థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నప్పుడు నాడి బలంగా, వేగంగా కొట్టుకుంటుంది. కదలకుండా కూర్చున్నప్పుడు కూడా నిమిషానికి 100 దాటుతున్నా, కూర్చుని ఉండగా మెడలో నాడి ఎగిసిపడుతున్నా, ఆయాసం వస్తున్నా ఈసీజీ, ఎకో తీయించాలి. గుండె కవాటం లీకయ్యేవాళ్లలో మెడ నాడి అలాగే కనిపిస్తుంది. అవేవీ లేకపోతే మీ సంగతి ఇక్కడితో సరి.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది తాతయ్య మాట. స్కాన్ కావాల్సింది మీకన్నా ముందు ఆయనకి. బృహద్ధమని వెడల్పు మామూలుగా సుమారు 2 సెం.మీ. ఉంటుంది. వయసు మీదపడ్డాక, ముఖ్యంగా పొగతాగే మగవాళ్లలో, గోడ బలహీనపడి అది బుడగలా ఉబ్బవచ్చు. 3 సెం.మీ.కు చేరితే అన్యూరిజం అంటాం. నొప్పి ఉండదు, తెలియకుండానే పెరుగుతుంది, పగిలితే ప్రాణాంతకం. పొగ మానకపోతే మరింత త్వరగా పెరుగుతుంది. మగవాళ్లలో 5.5 సెం.మీ. దగ్గరికి వస్తే సాధారణంగా ఆపరేషనో, గజ్జల్లోంచి స్టెంట్ గ్రాఫ్ట్ (నాళం లోపల అమర్చే గొట్టం) పెట్టడమో ఆలోచిస్తారు. అంతకన్నా తక్కువైతే బీపీ అదుపులో పెట్టి, మధ్యమధ్యలో స్కాన్ చేసి చూస్తారు. తాతయ్యది కూడా మామూలు కొట్టుకోవడమే కావచ్చు. కానీ చేత్తో తడిమి తేల్చే విషయం కాదు. ఇంట్లో ఎవరూ ఆయన పొట్ట గట్టిగా నొక్కి చూడొద్దు.

దీనికి పొట్ట అల్ట్రాసౌండ్ చాలు. విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లోనైనా, మీ దగ్గర్లోని స్కానింగ్ సెంటర్లోనైనా తీస్తారు. పరగడుపున తీసుకెళ్లండి, గ్యాస్ అడ్డొస్తే నాళం సరిగా కనిపించదు. బృహద్ధమని వెడల్పు ఎన్ని సెంటీమీటర్లో రిపోర్టులో రాయమని ముందే అడగండి. ఈలోగా ఆయనకు హఠాత్తుగా పొట్టలోనో నడుములోనో తీవ్రమైన నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా స్కాన్ తేదీ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.

చుట్ట పూర్తిగా మానేయమంటే ఆయన మిమ్మల్నే తిడతాడేమో. డాక్టరు చెప్పాడని నా మీదకి నెట్టేయండి.