‘వేదాంబురాశినిధి’ అంటే 944 ఎలా అయింది?

సందేహం: ఇంటర్ పిల్లలకు తెలుగు చెబుతాను. రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకం గురించి కోరుమిల్లి శాసనంలో ‘శకవత్సరేషు వేదాంబురాశినిధివర్తిషు’ అని ఉంది. వేదాలు 4, సముద్రాలు 4, నిధులు 9 అని లెక్కేస్తే నాకు 449 వచ్చింది. పుస్తకాల్లో మాత్రం శకం 944, అంటే క్రీ.శ. 1022 అని ఉంటుంది. ఏది సరి? పైగా ‘శకం’ శకులకు సంబంధించిన మాట కదా, క్రీస్తుకు తగిలించి ‘క్రీస్తు శకం’ అనడం తప్పు కాదా?

సమాధానం: మాటలకు మీరు చెప్పిన విలువలు సరిగ్గానే ఉన్నాయి. చదివిన దిక్కే తప్పింది. ఇలా మాటలతో అంకెలు చెప్పడాన్ని భూతసంఖ్యలు అంటారు. వీటిలో ఒకట్ల స్థానం ముందు వస్తుంది, తర్వాత పదులు, ఆ తర్వాత వందలు. ‘అంకానాం వామతో గతిః’ అన్నది ఇందుకే: అంకెల నడక ఎడమవైపుకి. వేద 4 ఒకట్లలో, అంబురాశి 4 పదుల్లో, నిధి 9 వందల్లో వేయండి. 944 వస్తుంది. దానికి 78 కలిపితే 1022.

449 అనుకుంటే క్రీ.శ. 527 అవుతుంది. అప్పటికి వేంగిలో రాజరాజు వంశమైన తూర్పు చాళుక్యుల రాజ్యమే లేదు. దాన్ని స్థాపించిన కుబ్జవిష్ణువర్ధనుడిది ఏడో శతాబ్దం.

ఇంకో చిక్కు కూడా ఉంది, పిల్లలు అడిగితే ఉపయోగపడుతుంది. సముద్రానికి కొన్నిచోట్ల 7 విలువ కూడా వాడతారు. అలా అయితే 974, అంటే 1052 కావాలి. కానీ నన్నయ రచించిన నందంపూడి శాసనం 1053 నాటిది, రాజరాజు ఏలుబడిలో 32వ ఏట వేయించినది. 1022 మొదటి ఏడు అయితేనే 1053 ముప్పై రెండోది అవుతుంది. కోరుమిల్లి శ్లోకంలో సూర్యుడు సింహరాశిలో ఉన్నాడని, కృష్ణ విదియ అని, గురువారమని కూడా చెప్పారు. ఆ వివరాలను బట్టి లెక్కకట్టిన తేదీ 1022 ఆగస్టు 16. ఆ రోజు నిజంగానే గురువారం. అంకెలు వేసి ఊరుకోకుండా శ్లోకంలో ఇన్ని ఆనవాళ్లు కట్టిపెట్టిన ఆ కవికి నేను మనసారా దణ్ణం పెడతాను.

ఇక ‘శకం’. మీరన్నట్టు అది మొదట శకుల కాలగణన పేరే, 78లో మొదలైంది. దానికి శాలివాహనుడి పేరు చేరింది చాలా తర్వాత. ఎక్కువమంది వాడిన లెక్క కావడంతో ఆ మాటకే ‘ఒక గుర్తు నుంచి ఏళ్లు లెక్కపెట్టే పద్ధతి’ అనే అర్థం స్థిరపడింది. నూనె సంగతి చూడండి. నువ్వు, నెయ్యి కలిసి ఏర్పడిన మాట అది. అయినా కొబ్బరినూనె, వేరుశెనగనూనె అంటున్నాం, ఎవరికీ తప్పుగా తోచదు. క్రీస్తు శకం కూడా అంతే, నిక్షేపంగా రాయండి. ‘శకం 944’ అన్నా, ‘క్రీ.శ. 1022’ అన్నా సరే. ‘క్రీ.శ. 1022వ శకంలో’ అని కొందరు రాస్తారు, అది మాత్రం తప్పు. శకం లెక్క పేరు, అందులో ఒక ఏడు 1022.

పిల్లలకు ఇది మనసుకు పట్టాలంటే అదే ఏడు వేరే దేశాల్లో ఏమని రాసుకున్నారో చెప్పండి. గజనీ మహమూద్ గ్వాలియర్, కాలంజర్ కోటల మీదికి వచ్చింది ఆ ఏడే, వాళ్ల లెక్కలో హిజ్రీ 413. చీనాలో సాంగ్ వంశపు చక్రవర్తి చెన్‌త్సుంగ్ పోయి, చిన్నవాడైన కొడుకు గద్దెనెక్కాడు. అక్కడ చక్రవర్తి ప్రకటించిన కాలానికి పెట్టిన పేరుతోనే ఏళ్లు చెప్పుకునేవారు. నాకు అన్నిటికన్నా దగ్గరగా తోచేది నోట్కర్ మరణం. ఇప్పటి స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్ మఠంలో గురువు ఆయన. సొంత భాషలో చెబితే త్వరగా అర్థమవుతుందని ఒక బిషప్‌కి ఉత్తరం రాసి, లాటిన్ గ్రంథాలను శిష్యుల కోసం జర్మన్‌లోకి తెచ్చాడు. 1022 జూన్ చివర్లో అంటువ్యాధికి బలయ్యాడు. రెండు నెలలైనా తిరక్కుండా, సంస్కృత భారతాన్ని తెనిగించమని నన్నయను కోరబోయే రాజు ఇక్కడ పట్టం కట్టుకున్నాడు. ఒకరి పేరు ఒకరు విని ఉండరు.

ఇంకొక్క జాగ్రత్త. 78 కలపడం ఉగాది నుంచి డిసెంబరు దాకానే. ఫ్రాన్స్‌లోని ఓర్లియాన్స్‌లో మతవిరోధులన్న నేరం మోపి కొందరు మతాచార్యులను సజీవంగా కాల్చింది 1022 డిసెంబరు 28న. అది శకం 944లోనే పడుతుంది. నాలుగు రోజులు గడిచి 1023 జనవరి వచ్చినా మనకు ఇంకా 944వ ఏడే, కాబట్టి అక్కడి నుంచి ఉగాది వరకు 79 కలపాలి. హిజ్రీకి ఇలాంటి స్థిరమైన కూడిక పనిచేయదు. అది చాంద్రమానం, అధికమాసం లేదు, ఏడాదికి 354 లేదా 355 రోజులే.