ఐర్లాండ్ రాక్ బ్యాండ్ యూ2 గాయకుడు బోనో సేవా ఉద్యమాల వల్ల ఆ బ్యాండ్ దెబ్బతినలేదా?

దెబ్బతినే పరిస్థితి వచ్చింది. 1985 జులై 13న ఇథియోపియా కరవు బాధితుల కోసం జరిగిన లైవ్ ఎయిడ్ కచేరీలో బోనో వేదిక దిగి జనంలోకి వెళ్లడంతో ఒక్క పాటే దాదాపు 12 నిమిషాలు సాగింది, అనుకున్న మూడో పాటకు టైమే మిగల్లేదు. మిగతా ముగ్గురూ మండిపడ్డారు. 2000లో వచ్చిన ఆల్బమ్ రికార్డింగ్ కూడా పేద దేశాల అప్పుల మాఫీ కోసం అతను స్టూడియో వదిలి తిరగడంతో నెమ్మదించింది. గాయకుడు లేకపోతే ట్యూన్ సిద్ధమైనా సాహిత్యం దగ్గర పని ఆగిపోతుంది మరి.

2002లో డేటా, 2004లో వన్ అనే పేదరిక వ్యతిరేక ప్రచార సంస్థలు మొదలయ్యాక పరిశోధన, లాబీయింగ్ పూర్తికాల సిబ్బంది చేతికి వెళ్లాయి. బోనో ముఖ్యమైన సమావేశాలకు వెళ్తే సరిపోయేది. నా దృష్టిలో బ్యాండ్ నిలబడటానికి అంతకన్నా పెద్ద కారణం డబ్బు: పాటల రాబడిని నలుగురూ సమానంగా పంచుకుంటారు.