ముందు మూత సంగతి చూడు

చిరంజీవి చిన్నాకి అత్త ఆశీస్సులు.

చెట్టెక్కే టరంట్యులాను, అదే ఆ పెద్ద నూగు సాలీడును, పెంచుతానన్నావట. మీ అమ్మ ఫోన్లో ఏడ్చినంత పని చేసింది. నాకూ గుండె ఝల్లుమంది గానీ, ఇంట్లో ఇంకొకరికి జువాలజీ పిచ్చి పట్టిందని లోపల కాస్త గర్వంగానే ఉందిరా.

ఎవరైనా గుత్తి నీలం సాలీడు ఇస్తామంటే వాళ్లతో మళ్లీ మాట్లాడకు. అదీ టరంట్యులానే. 1899లో బ్రిటిష్ శాస్త్రవేత్త పోకాక్ దాన్ని వర్ణించాక వందేళ్ల దాకా మళ్లీ జాడ లేదు. చివరికి నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనబడింది. అంతరించే దశలో ఉన్న ప్రాణి. 2019 నుంచి దాని ప్రజాతి మొత్తం, అంటే దగ్గరి చుట్టాలతో సహా, అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం కిందకి వచ్చింది. పింక్ టో అనే దక్షిణ అమెరికా టరంట్యులా అయినా సరే, అటవీ శాఖను అడిగి, కాగితాలుంటేనే తీసుకో.

పొడవాటి డబ్బా, నిలువుగా బెరడు, చిన్న నీళ్ల గిన్నె, కీచురాళ్లు. ఇవి నీకు తెలిసినవే.

గాలి సంగతే ఎవరూ పట్టించుకోరు. మా కాలేజీలో ఒక సీనియర్ లెక్చరర్ పాత చేపల తొట్టిలో పింక్ టోను పెట్టి, పైన అద్దం మూసేశారు. తేమ కావాలని పుస్తకంలో ఉందట, రోజూ కొబ్బరి పొట్టు తడిపేవారు. అమలాపురంలో, అదీ శ్రావణ మాసంలో! గోడకు తగిలించిన చొక్కాకే బూజు పట్టే రోజులు. తొట్టిలో ముక్కిన వాసన మొదలైంది. పైన ఉండాల్సిన జీవి కిందికి దిగి కూర్చుంది. 'అలవాటు పడింది' అని ఆయన మురిసిపోయారు. మూత తీయండి సార్ అన్నాను. కొత్తగా చేరినదాన్ని, నా మాట ఎవరు వింటారు? నాలుగు రోజులకు కాళ్లన్నీ పొట్ట కిందికి ముడుచుకుని పోయింది.

మన కోనసీమలో తేమ ఊరికే వస్తుంది, గాలే నువ్వు ఇవ్వాలి. ఒక పక్క కింద, ఎదురు పక్క పైన సన్నని జాలీ పెట్టించు. పొట్టు పొడిగానే ఉండనీ.

ఆ గదిలో దోమల మందు పెట్టావో, సాలీడు కూడా పోతుంది. దోమతెర కట్టుకో. చేల గట్ల మీద పట్టిన మిడతలు వేయకు, ఎవరు ఏ మందు కొట్టారో. తిండి మానేసి వెల్లకిలా పడితే చచ్చిందని కదపకు, కుబుసం విడుస్తుంది. లోపల కీచురాయి ఉంటే మాత్రం తీసేయ్, మెత్తటి ఒంటిని కొరికేస్తుంది.

చేతి మీద ఎక్కించుకుని ఫొటోలు దిగావంటే చెవి మెలేస్తా. అది దూకుతుంది, కిందపడితే పొట్ట పగులుతుంది. దాని నూగు కంట్లో పడితే ఇంకా టెన్షన్. చిన్నప్పుడు గొంగళిపురుగును పట్టుకుని ముఖమంతా వాచి, రాత్రంతా నా ఒళ్లోనే పడుకున్నావు. నీకు గుర్తుండదులే.

సాలీడు రాకముందే ఖాళీ డబ్బా ఫొటో పంపు. చెల్లాయి చేతికి మూత ఊడేలా ఉంటే వేరేది కొందాం, డబ్బులు నేనిస్తాను.

మీ అత్త