91 డ్రిల్ బిట్ల పెట్టెను వాయిదాల్లో కొనవచ్చా?

ప్రశ్న: ఇంట్లో చిన్న బెంచ్ డ్రిల్ పెట్టుకొని సెలవు రోజుల్లో ఇనుప స్టాండ్లు, బ్రాకెట్లు చేసుకుంటున్నాను. బిట్లు తరచూ విరుగుతున్నాయి, రంధ్రాలు గుర్తు పెట్టిన చోటు నుంచి పక్కకు జరుగుతున్నాయి. 1 నుంచి 10 మిల్లీమీటర్ల దాకా 0.1 తేడాతో 91 బిట్లున్న పెట్టె ఒకటి చూశాను. ధర ఎక్కువే. వాయిదాల్లో తీసుకోమంటారా, అత్యవసర నిధిలోంచి కొంత తీయమంటారా? పొట్టి బిట్లు కొనుక్కోమని ఒక మిత్రుడు అంటున్నాడు. అది సరైన సలహాయేనా?

జవాబు: వాయిదాలూ వద్దు, అత్యవసర నిధీ వద్దు. ఆ నిధి ఉద్యోగం పోయినప్పుడో, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలైనప్పుడో ఆదుకోవడానికి దాచినది. అభిరుచి కోసం దాన్ని ముట్టుకోకండి. ఇక బిట్టు అరిగిపోయే వస్తువు. చివరి వాయిదా కట్టేలోపే మీరు ఎక్కువగా వాడే నాలుగైదు బిట్లు మొద్దుబారి, వాటికి బదులు కొత్తవి కొనవలసి రావచ్చు. వడ్డీ మాత్రం ఎన్నడూ బయటకు తీయని బిట్ల మీద కూడా కడుతూనే ఉంటారు. నెల ఖర్చుల్లో పనిముట్లకని ఒక చిన్న మొత్తం విడిగా పెట్టండి. ఈ నెల వాడకపోతే వచ్చే నెలకు కలవనివ్వండి. బిట్లు ఆ డబ్బుతోనే, ఒకటీ రెండుగా ఇంటికి రావాలి.

ఏ కొలతలు కొనాలో తేల్చేది మీరు బిగించే బోల్టులే. ఎం3 అంటే 3 మిల్లీమీటర్ల మందం బోల్టు. ఎం3, ఎం4, ఎం5, ఎం6, ఎం8 బోల్టులకు ట్యాప్‌తో లోపలి మరలు తీయాలంటే ముందుగా వేయవలసిన రంధ్రాలు వరుసగా 2.5, 3.3, 4.2, 5, 6.8 మిల్లీమీటర్లు. అవే బోల్టులు సులువుగా దూరిపోవాలంటే 3.4, 4.5, 5.5, 6.6, 9 కావాలి. అన్నీ కలిపితే పది బిట్లు. ఎం4, ఎం6 తప్ప మరేవీ వాడని వారికి నాలుగు చాలు. 91 కొనడానికి చేతులు రాక, 0.5 తేడాతో వచ్చే 19 బిట్ల పెట్టెతో సర్దుకుందామని కొందరు అనుకుంటారు. కొందరు తయారీదారులు విడిగా చేర్చితే తప్ప, అందులో 3.3, 4.2, 6.8 ఉండవు. అంటే డబ్బు పెట్టి పెట్టె కొన్నాక కూడా అసలు కావలసినవి మళ్లీ విడిగా కొనాలి.

మీ మిత్రుడు చెప్పింది నిజం. స్టబ్ డ్రిల్ అని అడిగితే దొరికే ఈ పొట్టి బిట్లు ఇంటి లోహపు పనికి చక్కగా సరిపోతాయి. జర్మన్ ప్రమాణాల ప్రకారం 6 మిల్లీమీటర్ల మామూలు బిట్టు మొత్తం పొడవు 93, దాని మీద మెలి తిరిగిన గాడి పొడవు 57 మిల్లీమీటర్లు. అదే మందంలో పొట్టి బిట్టు 66, గాడి 28. చక్ (డ్రిల్‌లో బిట్టును బిగించి పట్టే భాగం) నుంచి బయటికి వచ్చే పొడవు సగమైతే, పక్క నుంచి అంతే బలం పడినప్పుడు అది వంగేది దాదాపు ఎనిమిదో వంతే, ఎందుకంటే వంపు పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మీ రంధ్రాలు పక్కకు జరగడానికీ, సన్న బిట్లు విరగడానికీ ఈ వంపు ఒక ముఖ్య కారణం. పైగా చిన్న బెంచ్ డ్రిల్‌లో చక్ కింద జాగా కూడా మిగులుతుంది. బ్రాకెట్లకు వాడే పట్టీలు, యాంగిళ్లు, రేకుల మందానికి ఆ 28 మిల్లీమీటర్ల గాడి ధారాళంగా సరిపోతుంది. లోతైన రంధ్రాలకు మాత్రం పొడవాటి బిట్టు తప్పదు. వాటి కోసం ఇప్పుడున్నవాటినే ఉంచుకోండి.

కొనేటప్పుడు 135 డిగ్రీల చీలిక మొన (స్ప్లిట్ పాయింట్) ఉన్నవి అడగండి. 118 డిగ్రీల మామూలు మొన కన్నా అవి జారకుండా లోహాన్ని పట్టుకుంటాయి. మైల్డ్ స్టీల్‌కు, అల్యూమినియానికి మంచి తయారీ హై స్పీడ్ స్టీల్ చాలు. స్టెయిన్‌లెస్ స్టీల్ పని ఉంటే 5 శాతం కోబాల్ట్ ఉన్నవి తీసుకోండి, అదీ ఆ పనికి కావలసిన కొలతల్లోనే. బంగారు రంగు పూత కోసం ఎక్కువ పెట్టమని నేను చెప్పను. సాన పట్టగానే మొన దగ్గర ఆ పూత పోతుంది. కార్బైడ్ బిట్లు పెళుసు, చేతి డ్రిల్లుకు అసలే పనికిరావు. బాగా వాడే 2.5, 3.3 లాంటి సన్నవి పది బిట్ల ప్యాకెట్‌గా తీసుకుంటే ఒక్కో బిట్టు ధర సాధారణంగా తగ్గుతుంది. 6.8, 9 ఒక్కొక్కటి చాలు.

బిట్ల కన్నా ముందు ఆ డబ్బుతో కంటి అద్దాలు, పనిముక్కను బిగించే వైస్, రంధ్రం చోట గుంట కొట్టే సెంటర్ పంచ్, కటింగ్ ఆయిల్ ఉన్నాయో లేదో చూసుకోండి. వేగం కూడా సరిచూడండి. మైల్డ్ స్టీల్‌లో 6 మిల్లీమీటర్ల బిట్టుకు నిమిషానికి సుమారు 1,300 చుట్లు, 10కి 800 దగ్గర ఉంచండి. వేగం మితిమీరితే ఎంత ఖరీదైన బిట్టయినా అంచు కాలి మొద్దుబారుతుంది.

ఇప్పటిదాకా విరిగిన పొడవాటి బిట్లను పారేయకండి. గాడి మిగిలి ఉంటే సాన పట్టి కొత్త మొన తీసి పొట్టి బిట్లుగా వాడుకోవచ్చు. వెనక్కి వెళ్లేకొద్దీ బిట్టులో గాడుల మధ్యనున్న నడుము మందమవుతుంది కాబట్టి, మొన మధ్య భాగాన్ని కాస్త పలచన చేయాలి. వాటితో ఏయే కొలతలు సమకూరాయో చూసుకొని, లోటున్నవే ఈ నెల కొనండి.