స్వస్థత: థ వత్తు, లోపలి అర్థం

సందేహం: మా చిత్తూరులో ప్రార్థన కూడికకు కట్టిన ఫ్లెక్సీ మీద ‘స్వస్తత’ అని ఉంది. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ యేసు వస్త్రం ముట్టుకుని బాగుపడిన కథ అక్కడ చెప్పారు. స్వస్థత అంటే ‘తనలో తాను ఉండటం’ కాబట్టి ఆ అద్భుతం లోపలి ఎరుకకు పాఠమట. ఆ మాటకు నిజంగా అంత అర్థం ఉందా? – ఒక పాఠకురాలు

సమాధానం: ఉందండీ. ముందు ఫ్లెక్సీ సంగతి. స కింద ఉండాల్సింది థ వత్తు. స్వ అంటే తాను, స్థ అంటే ఉన్నది. ‘స్వస్తి’ అలవాటుతో ఇక్కడా త వత్తు పెట్టేస్తున్నారు. అది సు + అస్తి, దాని పుట్టుక వేరు. ‘సుస్తీ’ కూడా దీనికి చుట్టం కాదు. ఉర్దూలో మందకొడితనం, మన దగ్గరికొచ్చి జబ్బయింది.

గీత 14వ అధ్యాయంలో గుణాతీతుణ్ణి, అంటే మూడు గుణాలనూ దాటినవాణ్ణి, ‘సమదుఃఖసుఖః స్వస్థః’ అన్నారు. జ్వరం తగ్గినవాడని కాదుగదా! ఆయుర్వేద గ్రంథం రాసిన సుశ్రుతుడు వైద్యుడు కాబట్టి దోషాలు (వాత పిత్త కఫాలు), అగ్ని (జీర్ణశక్తి), ధాతువులు సమంగా ఉండాలంటూ మొదలుపెడతాడు. కానీ ‘ప్రసన్నాత్మేంద్రియమనాః’, అంటే ఆత్మ, ఇంద్రియాలు, మనసు ప్రసన్నంగా ఉన్నవాడు, అన్నాకే స్వస్థుడంటాడు. ‘ఆరోగ్యం’ ఇంత అడగదు, రోగం లేకుంటే చాలు. మదనపల్లె దగ్గర క్రైస్తవ మిషన్ల క్షయ శానిటోరియం ఉన్న చోటుకు ఆరోగ్యవరం అన్న పేరు భలే అతికింది.

అయితే ఇక్కడొక మెలిక. ఈ కథ ఉన్న మార్కు సువార్త గ్రీకులో రాసింది. అందులోని క్రియ ‘సోజో’కు బాగుచేయడం, రక్షించడం రెండూ అర్థాలే. మన తెలుగు బైబిల్లో యేసు ఈమెతో ‘నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను’ అంటాడు, లూకా 7లో పాపాత్మురాలితో ‘రక్షించెను’ అంటాడు. గ్రీకులో రెండూ ఒకే వాక్యం. కాబట్టి ‘తనలో ఉండటం’ అనువాదకుడు ఎంచుకున్న సంస్కృత పదం వెంట వచ్చిందే తప్ప మూలంలోది కాదు.

ఆ వక్తకు అసలు ఆధారం కథలోనే ఉంది. జనం మన తిరుమల క్యూలోలాగా ఒకరినొకరు తోసుకుంటున్నారు. అంతమందిలో ‘నన్ను ముట్టిందెవరు’ అని ఆయన అడిగితే శిష్యులకే వింతగా తోచింది. రక్తం ఆగిన సంగతి ఆమెకు తన ఒంట్లో తెలిసింది. ప్రభావం (శక్తి) బయటికి పోయిన సంగతి ఆయనకు తనలో తెలిసింది. పక్కనున్న ఎవరికీ తెలియలేదు. వ్యుత్పత్తిని వదిలేసి ఈ రెండు ‘తెలియడాల’ మీద మాట్లాడి ఉంటే నేనూ తలూపేవాణ్ణి.

మా తిరుపతి పక్క జ్వరం తగ్గినవాళ్లను ‘ఇప్పుడు నెమ్మదిగా ఉండాదా?’ అంటాం. ఒంటికీ మనసుకూ కలిపి ఒకే ప్రశ్న.

ఇంకొకటి: ‘స్వస్థత చేశాడు’ అని రాయకండి. ‘స్వస్థపరిచాడు’, ‘నయం చేశాడు’, ఏదైనా సరే.